ఆడదాని నొప్పికి అప్పుడూ ఇప్పుడూ అదే మాట

మా రోజుల్లో లూపస్ (రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే తిరగబడే జబ్బు) పరీక్షంటే ల్యాబులో సగం పూట పని. రక్తం గడ్డకట్టనిచ్చి 37 డిగ్రీల దగ్గర రెండు గంటలు ఉంచేవాళ్ళం. ఆ గడ్డని జల్లెడ మీద నలిపి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, తెల్లకణాల పొరని స్లైడు మీద పరిచి లీష్‌మన్ రంగు వేసేవాళ్ళం. ఇక మైక్రోస్కోపు ముందు కూర్చుంటే మెడలు పట్టేసేవి. ఒక తెల్లకణం, దాని కడుపులో నున్నటి ఊదారంగు ముద్ద, ఆ ముద్ద తోపుకి ఓ అంచుకి జరిగిపోయిన న్యూక్లియస్. అదీ ఎల్‌ఈ సెల్. 1948లో మేయో క్లినిక్‌లో హార్‌గ్రేవ్స్ బృందం లోకానికి చూపించిన కణం. అది కనబడిందంటే డాక్టరుగారు స్వయంగా వచ్చి చూసి, అట్నుంచి అటే వార్డుకెళ్ళి పేషెంటు పక్కన కూర్చునేవారు.

ఇప్పుడు దాని బదులు ఏఎన్ఏ (యాంటీ న్యూక్లియర్ యాంటీబాడీ) అనే రక్తపరీక్ష. ప్యాకేజీలో కలిపేసి, రిపోర్టు ఫోనులో పడేస్తున్నారు. ఏ జబ్బూ లేని ఆడవాళ్ళలో కూడా అది కొద్దిపాటిగా పాజిటివ్ రావడం మామూలే. ఆ ముక్క చెప్పే మనిషి ఎదురుగా ఉండడు. రిపోర్టు అందుకున్న పిల్ల రాత్రంతా నెట్‌లో వెతుక్కుని బెంగపెట్టుకుంటుంది. మిషన్లు వద్దనను. మా పరీక్షకి చిక్కకుండా పోయిన కేసులెన్నో ఏఎన్ఏకి దొరుకుతున్నాయి. పక్కన కూర్చునే డాక్టరేడీ అని నా గోల.

అసలు ఒళ్ళు మండే సంగతి వేరే ఉంది. లూపస్ పదిమందికి వస్తే తొమ్మిదిమంది ఆడవాళ్ళే. కీళ్ళవాతంలోనూ మగవాళ్ళకంటే రెండు మూడు రెట్లు వాళ్ళే. థైరాయిడ్‌ని సొంత ఒళ్ళే తినేసే హాషిమోటో సరేసరి. మా రోజుల్లో ఎందుకని అడిగితే ‘హార్మోన్లు’ అని ఊరుకునేవారు. ఇప్పుడు చాలా తెలిసింది. ఆడవాళ్ళకి ఎక్స్ క్రోమోజోములు రెండు. అందులో ఒకటి ప్రతి కణంలోనూ నోరు మూసుకుని ఉంటుందని మేరీ లయన్ 1961లోనే చెప్పింది. పూర్తిగా మూసుకోదని తర్వాత తేలింది. రోగనిరోధక శక్తిని రెచ్చగొట్టే టీఎల్ఆర్7 లాంటి జన్యువులు కొన్ని కణాల్లో రెండు ఎక్స్‌ల మీదా పనిచేస్తుంటాయి. రెండు ఎక్స్‌లతో పుట్టిన మగవాళ్ళకి లూపస్ ముప్పు మామూలు మగవాళ్ళ కంటే దాదాపు 14 రెట్లు. మరోవైపు, ఆడవాళ్ళకి టీకా వేస్తే యాంటీబాడీలు ఎక్కువ పుడతాయి, కోవిడ్‌లో మగవాళ్ళే ఎక్కువ పోయారు. అంత గట్టి కాపలా గనకే గురి తప్పితే సొంత ఒంటినే కరుస్తుంది.

ఇంత తెలిశాక కూడా ఆడదాని నొప్పికి విలువేదీ? మా రోజుల్లో కోడలు పొద్దున్నే వేళ్ళు ముడవలేకపోతే “పని ఎగ్గొట్టడానికి వేషాలు” అనేవాళ్ళు. ఇప్పుడు మొగుడు “టెన్షన్ తగ్గించుకో” అంటాడు, మందుల షాపువాడు నొప్పి బిళ్ళ ఇస్తాడు. బిళ్ళల మీద నెలలు దొర్లుతాయి. ఈలోగా లూపస్ కిడ్నీల దాకా వెళ్ళగలదు, కీళ్ళవాతం వేళ్ళని వంకర తిప్పేస్తుంది. అరిగిన కీలు మళ్ళీ రాదు.

మీ ఇంట్లో ఆడమనిషికి పొద్దున లేచాక గంటసేపు కీళ్ళు పట్టేసి ఉన్నా, ఎండకి బుగ్గలు కందినా, నోట్లో పుళ్ళు తగ్గకపోయినా, అకారణంగా జుట్టు ఊడుతున్నా రుమటాలజిస్టుకి చూపించండి. హైదరాబాద్ నిమ్స్‌లో ఆ విభాగం ఉంది. హైడ్రాక్సీక్లోరోక్విన్ అనే మందు రాస్తే నొప్పి తగ్గిందని మధ్యలో మానేయనివ్వకండి, డాక్టరు చెప్పినప్పుడల్లా కళ్ళు పరీక్ష చేయించండి. ఆవిడతో పాటు మీరూ వెళ్ళండి.