చెత్తకు ప్రమోషన్

ఇజ్రాయెల్‌లో యూబీక్యూ అని ఒక కంపెనీ ఉంది. 2012లో మొదలైంది. మిగిలిన అన్నం, కూరగాయల తొక్కలు, తడిసిన కాగితాలు, చిరిగిన కవర్లు, ఇలా ఇంటి చెత్తనంతా కలగలిపి యంత్రంలో పోస్తుంది. గాజూ లోహాలూ మాత్రం ముందే తీసేస్తుంది. అవతలి వైపు నుంచి ప్లాస్టిక్‌కు బదులు వాడుకోదగ్గ గుళికలు వస్తాయి. బ్రెజిల్ మెక్‌డొనాల్డ్స్‌లో ఆ గుళికలు కలిపి చేసిన ట్రేల మీద బర్గర్లు పెట్టి ఇస్తున్నారు. ఈ వార్త ఎవరు పంపారో గానీ, ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మా గార్డుగారి ఫోన్లోకి వచ్చి పడింది. అప్పటినుంచి ఆయనకు నిద్ర లేదు, మాకు మనశ్శాంతి లేదు.

గార్డుగారంటే రిటైరైన గార్డుగారు. 2022లో రైల్వే బోర్డు ఒక్క సంతకంతో గార్డులందరినీ ట్రైన్ మేనేజర్లను చేసేసింది. ఈయన అంతకుముందే దిగిపోయారు. ఆ వెలితి ఇంకా తీరలేదు. "చూశారా, ఆఖరికి చెత్తకు కూడా ప్రమోషన్ ఇస్తున్నారు" అని ఫోను మా ముక్కుల దగ్గర పెట్టారు.

ఆయన్ని కదిలించింది భూమి వేడెక్కడం కాదు. చెత్తను ఏరక్కర్లేదు అన్న ముక్క. తడి, పొడి, ప్రమాదకరమైన చెత్తలను ఇంట్లోనే విడదీయమని 2016 నాటి నిబంధనలు చెప్పాయి. గార్డుగారింట్లో అందుకోసం కొన్న బుట్టలు రెండున్నాయి. ఆకుపచ్చ దాంట్లో ఉల్లిపాయలు, నీలం దాంట్లో బియ్యం. చెత్తకు మాత్రం బుధ్‌వారీ బజారు నుంచి కూరలతో పాటు వచ్చిన నల్ల కవరు. మా కాలనీలో తెలుగువాళ్లూ బెంగాలీలూ ఒడియావాళ్లూ కలిసున్నట్టు, ఆ కవర్లో చింతపండు పిప్పీ షేవింగు బ్లేడూ ఏ పేచీ లేకుండా కలిసుంటాయి. పొద్దున్నే బండితో వచ్చే దీదీ ఆ కవరు విప్పి, అందులోంచి బ్లేడును చేత్తో ఏరుతుంది. గార్డుగారు ఆమెకు ఇజ్రాయెల్ యంత్రం సంగతి వివరించారు. హిందీలోనే, అంకెలతో సహా. ఆమె అంతా విని, "గాజూ ఇనుమూ ముందే తీసేదెవరు బాబూజీ?" అంది. "దానికి వేరే మిషను ఉంటుందమ్మా" అన్నారీయన. "అది ఇక్కడ ఎప్పుడో వచ్చింది, మీ ఎదురుగానే ఉంది" అని బండి తోసుకుంటూ వెళ్లిపోయింది.

అలాగని ఆ యంత్రం లెక్కను కొట్టిపారేయలేం. కుప్ప అడుగున గాలాడక కుళ్లే అన్నం మీథేన్‌ను వదులుతుంది. వందేళ్ల లెక్కన అది కార్బన్ డయాక్సైడ్ కంటే 28 రెట్లు, ఇరవై ఏళ్ల లెక్కన 80 రెట్ల దాకా ఎక్కువ వేడిని పట్టి ఉంచుతుంది. ఆ కుళ్లడాన్నీ ఆపి, పెట్రోలియంతో చేసే ప్లాస్టిక్‌నూ కొంత తగ్గిస్తే రెండు వైపులా లాభమే. ఒక టన్ను గుళికలకు 11.7 టన్నుల దాకా ఉద్గారాలు తప్పుతాయని కంపెనీ చెప్పుకుంటోంది. గార్డుగారు ఈ అంకెను గోడ మీద బొగ్గుతో రాసుకున్నారు.

బొగ్గంటే గుర్తొచ్చింది. సాయంత్రం అరుగు మీద మా రిటైర్డ్ డ్రైవరుగారు, శ్రీకాకుళం మనిషి, కాగితమూ పెన్సిలూ అడిగారు. "ఏటండీ గార్డుగారూ, మన పక్కనున్న సీపత్ ఎన్‌టీపీసీ బొగ్గు కరెంటు ప్లాంటు ఎంత? 2,980 మెగావాట్లు. నిండుగా నడిస్తే గంటకు 29 లక్షల 80 వేల యూనిట్లు. యూనిట్‌కు ఓ 900 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వేసుకోండి. గంటకు దగ్గర దగ్గర 2,700 టన్నులు. మీ 11.7తో భాగించండి." భాగించాం. 230 వచ్చింది. అంటే సీపత్ ఒక్క గంట వదిలే పొగకు జవాబు చెప్పాలంటే ఆ గంటలోనే 230 టన్నుల గుళికలు చేసి ట్రేలు పోసి తీరాలి. పగలూ రాత్రీ, పండగలతో సహా. అన్ని ట్రేల మీద పెట్టడానికి బర్గర్లు ఎక్కణ్ణుంచి తెస్తామన్నది వేరే సమస్య.

గార్డుగారు గొంతు సవరించుకున్నారు. "బొగ్గు జోలికి పోకండి. అది మన పెన్షను" అన్నారు. కాదనడానికి ఎవరికీ నోరు రాలేదు. సౌత్ ఈస్ట్ సెంట్రల్ రైల్వేకి 2003 నుంచీ ఈ ఊరే కేంద్రం, బొగ్గు తవ్వే ఎస్ఈసీఎల్‌కీ ఈ ఊరే కేంద్రం. ఒకరు తవ్వుతారు, ఒకరు మోస్తారు. మిగతా ఊరంతా ఈ ఇద్దరి జీతాల మీద కూరగాయలు కొంటుంది, నల్ల కవర్లో.

పోనీ ఆ గుళికలు కాక మొక్కల ప్లాస్టిక్ వాడదామంటే, ఇంకో చిక్కు. మొక్కల నుంచి వచ్చే ప్లాస్టిక్కుల్లో పేరున్న పీఎల్ఏకి మన తొక్కలు పనికిరావు. ఉత్తరప్రదేశ్‌లో బలరాంపూర్ చీనీ మిల్స్ ఏడాదికి 80 వేల టన్నుల సామర్థ్యంతో తలపెట్టిన కర్మాగారానికి ముడిసరుకు చెరకు. తయారైన కవరేమో పెరట్లో పారేస్తే కరగదు. 60 డిగ్రీలకు దగ్గరగా వేడెక్కే పెద్ద కంపోస్టు కుప్ప కావాలి. బిలాస్‌పూర్ మే నెల ఎండ చాలదా అని గార్డుగారు అడిగారు. ప్రశ్న మంచిదే గానీ చాలదు.

పోనీ మన రాష్ట్రానికి ప్రత్యామ్నాయాలు కొత్తా అంటే, కాదు. 2020లో కిలో రెండు రూపాయల చొప్పున పేడ కొన్న ప్రభుత్వం మనది. 2022 మార్చిలో అప్పటి ముఖ్యమంత్రి భూపేష్ బఘేల్ పేడతో చేసిన పెట్టెలో బడ్జెట్ పట్టుకుని అసెంబ్లీకి వెళ్లారు. దేశమంతా ఫోటోలు వేసింది. అదే రాష్ట్రంలో, మనకు ఉత్తరాన అంబికాపూర్‌లో, 2015 నుంచి మహిళా సంఘాలు ఇల్లిల్లూ తిరిగి చెత్త తెచ్చి, కూర్చుని ఏరి, అమ్మి, ఊరి కుప్పనే లేకుండా చేశాయి. కుప్ప ఉన్నచోట పార్కు వెలిసింది. 2019లో కిలో ప్లాస్టిక్ తెస్తే భోజనం పెట్టే కేఫే తెరిచారు. కేఫే సంగతి అందరికీ తెలుసు, ఫోటో బాగుంటుంది కాబట్టి. ఏరడం సంగతి ఎవరూ ఫార్వర్డ్ చేయరు. గార్డుగారికీ అది నచ్చలేదు. "అందులో టెక్నాలజీ ఏముందండీ?" అని పెదవి విరిచారు.

ఆదివారం కాలనీ మీటింగు పెట్టాం. ఆ యంత్రం బిలాస్‌పూర్‌కు రావాల్సిందేనని తీర్మానం ఏకగ్రీవమైంది. ఎక్కడ పెట్టాలన్న దగ్గర బండి ఆగింది. తోర్వా వైపు గుడి ఉంది. సీపత్ రోడ్డులో డ్రైవరుగారి అల్లుడు స్థలం కొన్నాడు. అర్పా నది ఒడ్డునంటే నీళ్లు పాడవుతాయి. కాలనీ వెనకాల ఖాళీ జాగా పేరెత్తగానే ఆడవాళ్లు లేచి నిలబడ్డారు, వాసనొస్తుందని.

రెండు గంటల చర్చ తర్వాత గార్డుగారే దారి చూపారు. "యంత్రాన్ని అక్కడే ఉండనిద్దాం. ట్రేలు తెప్పించుకుందాం. విశాఖ రేవులో దింపితే చాలు, కోర్బా ఎక్స్‌ప్రెస్‌లో మర్నాటికి వచ్చేస్తాయి. పార్సిలాఫీసులో మనవాడున్నాడు."