తన్నని తుపాకీ

ఏదీ కొనకుండానే అన్నిటి గురించీ తెలిసిన మనిషి ప్రతి తెలుగింటి చుట్టరికంలోనూ ఒకరుంటారు. మా ఇంటికి ఆ లోటు మా అక్క మొగుడు తీర్చారు. డల్లాస్‌లో స్థిరపడ్డ తెలుగువాళ్ళు చాలామంది గ్రిల్లు దగ్గరో ట్రక్కు దగ్గరో ఆగిపోతారు. మా బావగారు వేట తుపాకీ దాకా వెళ్ళి, అక్కడే ఉండిపోయారు.

ఆయన కోరిక వినడానికి చిన్నదే. రోజంతా మోసినా మెడ లాగనంత తేలిగ్గా ఉండాలి. పేలిస్తే భుజాన్ని తన్నకూడదు. ఈ రెండూ ఒక ఒరలో ఇమడవని న్యూటన్ ఎప్పుడో తేల్చేశాడు. తూటా ముందుకు పోయే జోరుకు తుపాకీ వెనక్కి రావాల్సిందే. బరువైన తుపాకీ నిదానంగా వస్తుంది, తేలికది తోసుకొస్తుంది. తూటా అదే ఉంచి ఎనిమిది పౌండ్ల తుపాకీని ఆరు పౌండ్లకు దించితే తన్నే శక్తి మూడో వంతు పెరుగుతుంది. ఈ లెక్క కాగితం మీద వేసి నాకు చూపించింది బావగారే. చూపించి, కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "అయినా ఎక్కడో ఒక మోడల్ ఉండకపోదురా" అంటారు. మెకానికల్ ఇంజినీరు!

తుపాకీ వెతకడం మొదలుపెట్టినప్పుడు ఆయన హెచ్-1బి మీద ఉన్నారు. ఆ వీసావాళ్ళ దగ్గర తుపాకీ ఉండకూడదని ఫెడరల్ చట్టం. వేట లైసెన్సు ఉంటే మాత్రం మినహాయింపు. బావగారు లైసెన్సు తీశారు. 1971 సెప్టెంబరు 2 నుంచి పుట్టినవాళ్ళకి టెక్సస్‌లో తప్పనిసరైన వేట శిక్షణా పూర్తి చేశారు. ఆగస్టు ఆఖరుకు లైసెన్సు చెల్లిపోతే మర్నాడే కొత్తది. ఈలోగా గ్రీన్‌కార్డు కూడా వచ్చేసింది. తుపాకీ రాలేదు.

మొదట మనసు .243 విన్‌చెస్టర్ మీద పడింది. 1955 నాటి తూటా, నిలకడ కలది. ఏడున్నర పౌండ్ల తుపాకీలో దాని తన్ను తొమ్మిది అడుగు-పౌండ్ల దరిదాపుల్లోనే ఉంటుంది. .30-06 అయితే అందుకు రెట్టింపు. అంతా కుదిరిందనుకునే వేళ కొట్లో కుర్రాడు నోరు జారాడు: "పిల్లలకు మొదటి తుపాకీగా చాలామంది ఇదే కొంటారు సార్." అంతే, బావగారు పర్సు లోపల పెట్టేశారు. తర్వాత 7ఎంఎం-08. బాగానే ఉందిగానీ తూటాలు ప్రతి కొట్లోనూ దొరకవట. ఆ తర్వాత 2007లో వచ్చిన 6.5 క్రీడ్‌మూర్. "అందరూ అదే కొంటున్నార్రా, అంటే ఏదో మతలబుంది." .308 తంతుంది. కాబట్టి మళ్ళీ .243.

చిన్న తూటా సరిపోతుందా అని ఎవరైనా అడిగితే కరామోజో బెల్‌ను దింపుతారు. ఆఫ్రికాలో వెయ్యికి పైగా ఏనుగుల్ని పడగొట్టి, అందులో ఎక్కువ భాగం 7×57 మౌజర్‌తోనే కానిచ్చినవాడు. దాని వెనకే జిమ్ కార్బెట్. 1926లో రుద్రప్రయాగ చిరుతను కొట్టిన .275 రిగ్బీ కూడా ఇంగ్లీషు పేరు పెట్టుకున్న ఆ తూటానే. "నిజమేగానీ బావగారూ, వాళ్ళు ముందు తుపాకీ కొన్నారు" అన్నాను ఒకసారి. వారం రోజులు నా ఫోనెత్తలేదు.

కంపెనీలు చెప్పే బరువు మీద ఆయనకు బొత్తిగా నమ్మకం లేదు. "అది ఉత్త తుపాకీ బరువు. స్కోపేది? బెల్టేది?" ఆఫీసులో ఎవరి దగ్గరో ఒక తేలిక తుపాకీ ఎరువు తెచ్చి, చాంబరు ఖాళీయేనని మూడుసార్లు చూసి, అక్క ఇడ్లీరవ్వ తూచుకునే మిషను మీద అడ్డంగా పెట్టారు. తుపాకీ కిందకి అంకెలు వెళ్ళిపోయాయి. మిషను మీద సత్తుగిన్నె బోర్లించి, దాని బరువు సున్నా చేసి, గిన్నె మీద తుపాకీ ఆనించి, గట్టు మీద చెంప పెట్టి ఒక కన్ను మూసి చదువుతున్నారు. "ఏవండీ, ఆ తుపాకీ తీస్తే పోపు పెట్టుకుంటాను" అంది అక్క.

నా కనుబొమ మీద చిన్న నెలవంక గాటుంది. అది ఆ తుపాకీ పుణ్యమే. .30-06, చేతికి ఈకలా ఉంది. రేంజిలో "నీ భుజం మీద ఎలా ఉంటుందో చూద్దాం" అంటూ నాకిచ్చారు. స్కోపుకు కన్ను మరీ దగ్గర పెట్టొద్దని చెప్పారు కూడా, కాకపోతే నేను పేల్చాక చెప్పారు. రక్తం తుడుస్తూనే, "ఒకటి నుంచి పదిలో ఎంత తన్నిందంటావ్?" అని నోటుబుక్కు తీశారు.

ఇంతా చేసి, ఆయన మాట విని తుపాకీ కొన్నవాళ్ళెవరూ నష్టపోలేదు. ఆఫీసులో ఒక తెలుగమ్మాయి సలహా అడిగితే శనివారమంతా ఆ పిల్లతో తిరిగారు. తేలిక కోసం పాకులాడొద్దన్నారు. బట్టు పొడవు భుజానికి అమరకపోతే చిన్న తూటా కూడా తంతుందని చెప్పి, .243 ఇప్పించి, బట్టు కోయించి, వెనక మెత్తటి రబ్బరు పట్టీ వేయించారు. మజిల్ బ్రేకు వద్దన్నారు. తన్ను తగ్గిస్తుందిగానీ ఆ మోత పక్కవాడి చెవులకు చుట్టుకుంటుందని. ఒక్క పూటలో తేలిపోయింది.

ఆ అమ్మాయి మొన్న హిల్ కంట్రీకి వెళ్ళి దుప్పిని కొట్టింది. మన దుప్పే. 1932లో టెక్సస్ తెచ్చారు, ఇప్పుడక్కడ మందలు మందలు. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణుల చట్టం దాని జోలికి పోనివ్వదు. ఇక్కడ ప్రైవేటు భూముల్లో దానికి వేట సీజనంటూ లేదు, ఏడాది పొడుగునా కొట్టొచ్చు. గురుదక్షిణగా మాంసం పంపితే అక్క గోంగూర వేసి వండింది.

బావగారు ముక్కను తిప్పి తిప్పి చూశారు. "చూశావా, ఒక్క ఎముక పగల్లేదు. టూ ఫార్టీ త్రీ అంటే అదీ."

"అయితే కొనేయండి మరి."

"దుప్పికి సీజనేమన్నా దాటిపోతోందా, తొందరేముంది?" అని గిన్నె తన వైపు లాక్కున్నారు.