బూటు మీది.. మాట మాది!

రంగు మీది, పాదం మీది, బూటు మీద కుట్టే మాటా మీదేనంటూ 1999లో బూట్ల కంపెనీ నైకీ 'నైకీ ఐడీ' సేవ మొదలుపెట్టింది. డబ్బులు కూడా మీవేనని వేరే చెప్పాలా!

2001లో అమెరికాలోని ఎంఐటీ విద్యార్థి జోనా పెరెట్టి ఈ ప్రకటన నిజమని నమ్మాడు, పాపం. తన బూట్ల మీద 'స్వెట్‌షాప్' అని కుట్టమన్నాడు. అరకొర కూలికి ఒళ్లు హూనం చేయించే కార్ఖానాలను అక్కడ అలాగే తిడతారు. అలాంటిచోటే సరుకు తయారవుతోందని నైకీ మీద అప్పటికే బోలెడు విమర్శలు.

కంపెనీ కుదరదంది. అది తగని యాస మాటట. నిఘంటువులోనే ఉందయ్యా అని అతను చూపించాడు. ఏ ఆర్డరైనా రద్దుచేసే హక్కు మాకుందని కంపెనీ నిబంధన చదివింది. సరే, ఆ మాట మానేస్తాను, నా బూట్లు తయారుచేసే పదేళ్ల వియత్నాం పాప ఫొటో ఒకటి పంపండి అన్నాడు పెరెట్టి.

సమాధానం లేదు. ఆ ఈమెయిళ్లు మాత్రం చేతులు మారుతూ ప్రపంచమంతా తిరిగాయి. పెరెట్టి టీవీకెక్కాడు, 2006లో 'బజ్‌ఫీడ్' వెబ్‌సైటు పెట్టిన వాళ్లలో ఒకడయ్యాడు.

కొనేవాడి ఒక్క మాటకు ఇన్ని అడ్డుపుల్లలు గానీ, తన సేవకు పేరు మార్చుకోవడానికి కంపెనీకి ఏ నిబంధనా అడ్డురాలేదు. 'నైకీ ఐడీ' కాస్తా ఇప్పుడు 'నైకీ బై యూ'!