పిల్లలెంతమంది, బ్రదర్?

దోహాలో క్రైస్తవుల ఆరాధన అబూ హమూర్ దగ్గరి మత సముదాయంలో జరుగుతుంది. అప్పటి అమీర్ షేక్ హమద్ ఇచ్చిన స్థలంలో 2008లో రోజరీ మాత చర్చి తెరుచుకుంది. ఆ ఆవరణలోనే ఆంగ్లికన్లకు, భారతీయ సంఘాలకు చోటు దొరికింది. బయటికి సిలువ కనిపించకూడదన్నారు, సరేనన్నాం. ఆదివారం పనిరోజన్నారు, ఆరాధనను శుక్రవారానికి మార్చుకున్నాం. ఇన్ని సర్దుబాట్లు చేసుకున్న మన తెలుగు సంఘం ఒక్క దగ్గర మాత్రం రాజీపడలేదు. కొత్త జంట కనిపిస్తే వందనాలు చెప్పిన నోటితోనే పిల్లలెంతమందని అడగాల్సిందే. లేరంటే ఆ పేరు ప్రార్థన మనవుల్లోకి, అక్కడినుంచి మైకులోకి ఎక్కుతుంది. ఉద్యోగం పోయినవాడి తర్వాత, కిడ్నీలో రాయి ఉన్నవాడికి ముందు సిస్టర్‌గారి గర్భం. బ్రదర్‌గారి ఊసుండదు. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు సంతానలేమిని ఎదుర్కొంటున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. అలాంటి జంటల్లో సుమారు సగంలో మగవాడి వైపు కారణం కూడా ఉంటుందని వైద్యులు ఎప్పటినుంచో చెబుతున్నారు. అయినా మన ప్రార్థనలో పరిశుద్ధాత్మ ఆడవాళ్ల కడుపునే సోదా చేస్తాడు.

ఇంతకీ సిద్ధాంతమేమిటి? సంతానం ఆశీర్వాదానికి గుర్తు. లేకపోతే ఎక్కడో ఏదో ఆగింది. సరే, దీన్ని ఖతార్‌లోనే పరీక్షిద్దాం. 2021 మార్చి నుంచి ఇక్కడ కనీస వేతనం నెలకు 1,000 రియాళ్లు. భార్యను తెచ్చుకుని కాపురం పెట్టాలంటే చూపించాల్సిన జీతం దానికి ఎన్నో రెట్లు. అందుకే ఇండస్ట్రియల్ ఏరియాలో బంకు మంచాలమీద నడుం వాల్చే కోనసీమ, కడప, నిజామాబాద్ మనుషులు పెళ్లైనా ఇక్కడ బ్యాచిలర్లే. కుటుంబాలుండే పేటల్లో కార్మికుల బస ఉండకూడదని 2010లో 15వ నంబరు చట్టం కూడా చేశారు. భర్త దోహాలో, భార్య రాజోలులో, కలిసుండేది రెండేళ్లకోసారి వచ్చే సెలవులో. ఆ ఇంట్లో ఉయ్యాల ఊగకపోతే ఊళ్లో స్త్రీల కూడిక కోడలి గర్భం తెరవమని ఉపవాసం ఉంటుంది. తెరుచుకోవాల్సింది వీసా కౌంటరని ఎవరికీ తోచదు. ఇద్దరు పిల్లల్ని వేదికెక్కించి సాక్ష్యం చెప్పే ఇంజనీరుగారి ఆశీర్వాదం మీదా మొదటి సంతకం కంపెనీ హెచ్.ఆర్. వాళ్లదే. ఇక పరాయి ఇళ్లలో పరాయి పిల్లలకు స్నానం చేయించి, అన్నం పెట్టి, నిద్రపుచ్చే మన ఆడవాళ్ల లెక్క మరీ విచిత్రం. రోజుకు పదహారు గంటలు తల్లి పని చేసినా సంఘం రిజిస్టరులో వాళ్లు తల్లులు కారు. దేవుడు కృప చూపించే ముందు జీతం స్లిప్పు అడుగుతాడని ఏ ప్రవక్త రాశాడో పెద్దలే చెప్పాలి.

బైబిల్లో గొడ్రాళ్లందరికీ దేవుడు బిడ్డల్నిచ్చాడు కదా అంటారు. శారా, రిబ్కా, రాహేలు, హన్నా, ఎలీసబెతు అని వేళ్లు మడిచి లెక్కపెడతారు. లాటరీ తగిలినవాళ్ల ఫోటోలే గోడకు అంటించి టికెట్లమ్మే పద్ధతి ఇది. హన్నా కథ మనవాళ్లకు సమూయేలు పుట్టగానే అయిపోతుంది. ఆమెను పెదవులు కదిపినందుకే తాగుబోతనుకున్నది గుడిలో యాజకుడేనన్న సంగతి మీద ప్రసంగం వినబడదు. అంత ప్రార్థించి కన్న సమూయేలుకు పుట్టిన కొడుకులు లంచాలు మేసి తీర్పులు తారుమారు చేశారు. అదీ సమూయేలు మొదటి గ్రంథంలోనే, ఎనిమిదో అధ్యాయం. సంతానమే ఆశీర్వాదమైతే ఆ లంచగొండుల్ని ఏ పద్దులో రాయాలి?

బిడ్డలు దేవుడిచ్చే బహుమానమని కీర్తనకారుడు అన్నాడు, కాదనను. బహుమానం వేరు, మార్కుల జాబితా వేరు. యిర్మీయాను పెళ్లే చేసుకోవద్దన్నాడు దేవుడు. కొడుకుల కన్నా, కూతుళ్ల కన్నా గొప్ప పేరు నపుంసకులకు తన ఇంట్లోనే ఇస్తానని యెషయా 56వ అధ్యాయంలో మాటిచ్చాడు. ఆ మాట అక్షరాలా వర్తించే మనిషిని, ఐతియొపీయ అధికారిని, ఫిలిప్పు దారి పక్కనున్న నీళ్లలోనే దింపి బాప్తిస్మమిచ్చాడు, ప్రార్థన మనవుల్లో రాసుకోలేదు. నిన్ను మోసిన గర్భం ధన్యమని ఒకావిడ అరిస్తే యేసు అక్కడికక్కడే సవరించాడు. ఆయనకూ పిల్లల్లేరు. ఈ కొలతతో చూస్తే మన సంఘంలో ఆయన కూడా శుక్రవారం వెనక బెంచీలో కూర్చుని అందరి జాలి మోయాల్సినవాడే. మరీ దూరం ఎందుకు, గుంటూరుకు రండి. పెళ్లి చేసుకోని మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో వచ్చి, 1898లో ఆసుపత్రి తెరిపించి, 1930లో ఆ ఊళ్లోనే కన్నుమూసింది. దోహా సంఘాల్లో వేదికెక్కి గర్భఫలం మీద ప్రసంగించే కొందరి నాయనమ్మలు ఆ ఆసుపత్రిలోనే పుట్టి ఉంటారు.

ప్రేమతోనే ప్రార్థిస్తున్నామంటారు. ఉండొచ్చు, నిజంగా ప్రేమించేవాళ్లూ ఉన్నారు. వాళ్లు ముందు అడిగి, వద్దంటే ఊరుకుంటారు. వాళ్లకు మైకుతో పని ఉండదు. దశమభాగం కవరు మీద పిల్లల సంఖ్య అడిగే గడి పెట్టకపోవడంలో చూపించిన మర్యాద పలకరింపులోనూ చూపిస్తే చాలు. ఆఖరి ప్రశ్న ఒకటుంది, అన్నీ ఓడాక తీసేది: రేపు పోతే చూసేదెవరు? దోహాలో నిలబడి అడగాల్సిన ప్రశ్నేనా ఇది? ఇక్కడ కార్మికుడు పోతే హమద్ ఆసుపత్రి శవాగారానికి, ఎంబసీకి, కంపెనీకి కాగితాలు పట్టుకుని తిరిగేది గదిలో పక్క మంచం మనిషి, సంఘంలో ఇద్దరు ముగ్గురు బ్రదర్స్. కొడుకులుంటే ఊళ్లో ఉంటారు, ఫోన్లో ఏడుస్తారు. ఆ రోజు మైకులో పిల్లలెంతమందని ఎవరూ అడగరు, చందా ఎంతవరకు వచ్చిందని అడుగుతారు.