రాయగడ సందేశానికి టీకాతాత్పర్యము

అవతారిక

కోలాచలం మల్లినాథసూరి మేఘసందేశానికి వ్యాఖ్య రాయ కూర్చున్నప్పుడు ఆయన ఎదుట యక్షుడున్నాడు, మేఘముంది, దారి పొడుగునా నదులూ కొండలూ ఉన్నాయి. ఈ టీకాకర్త ఎదుట ఉన్నది గల్లాపెట్టె మీద ఒక ఫోను. అందులో, మధ్యాహ్నం బేరాల్లేని వేళ దిగిన అయిదు పంక్తులు. అయితేనేం, సందేశకావ్యానికి కావలసిన సరంజామా అంతా ఇందులోనూ ఉంది: ప్రయాణం, దారి, రహస్యం, మధ్యవర్తి. మూలంలో లేనిది రాయనని మల్లినాథుడు ఒట్టు పెట్టుకున్నాడు. నేను పెట్టుకోలేదు.

మూలము

మావయ్యా, శనోరం రాత్రి బండికి ఐదరాబాద్ ఎల్తన్నాం, ఇద్దరవూ.
ఆదోరం నడక ఉంది. సోమారం రాత్రికి తిరుగు.
అమ్మకి పరీక్ష అని సెప్పీసేను.
నువ్వు నోరు జారితే మజ్జిగౌరమ్మ మీదొట్టు.
నీ కొట్లో ఏడు రంగుల గుడ్డ ఉంటాదా?

టీక

మావయ్యా = ఓ మేనమామా! తల్లికి తోడబుట్టినవాడా! రాయగడ మెయిన్ రోడ్డున బట్టలకొట్టు గలవాడా! అనగా ఈ టీకాకర్తయే. శంక: కన్నతండ్రి ఉండగా మామకేల రాసెను? సమాధానం: తండ్రికి రాస్తే అది విన్నపం, పిన్నికి రాస్తే చాటింపు, అక్కకు రాస్తే సాయంత్రానికి బావగారికి చేరే కబురు. అన్నీ తెలిసి ఏమీ తెలియనట్టు కూర్చోగల అధికారం మన ఇళ్ళలో మేనమామ ఒక్కడికే సంప్రదాయసిద్ధం. పుట్టినప్పటినుంచీ పెళ్ళిదాకా ప్రతి వేడుకలో వాణ్ణి పీటలమీద కూర్చోబెట్టేది అందుకే కాబోలు.

శనోరం రాత్రి బండికి = శనివారము రాత్రి బయలుదేరు రైలునకు. ఏ రైలు అన్న చోట వ్యాఖ్యాతలకు మతభేదం. సంబల్‌పూర్ నుంచి వచ్చి సికింద్రాబాద్ మీదుగా నాందేడ్ పోయే నాగావళి ఎక్స్‌ప్రెస్ అని ఒక పక్షం. మా ఊరి ఏటి పేరు పెట్టుకున్న బండి కనుక ఈ పక్షానికి అభిమానబలం జాస్తి. కాని అది రోజూ లేదు. రెండో పక్షం: 2024 సెప్టెంబరులో మొదలైన దుర్గ్–విశాఖ వందే భారత్ రాయగడలో ఆగుతుంది గనుక దానిమీద విశాఖ దిగి, అక్కడ రాత్రి బండి పట్టుకోవాలి. మూలంలో 'రాత్రి బండి' అన్నది విశాఖలో ఎక్కే బండి అని వీరు సమన్వయిస్తారు. నాకు నచ్చిన పక్షం మూడోది. రాయగడవాడు పార్వతీపురం దారిన, కోరాపుట్‌వారు అరకు దారిన, రెండు వేరువేరు కొండలు దిగి విశాఖ ప్లాట్‌ఫారం మీద కలుసుకోవడం. ఇద్దరూ ఒకే స్టేషన్లో ఒకే పెట్టె ఎక్కితే, సాగనంపడానికి వచ్చిన పక్కింటివారికి టీకా అవసరం ఉండదు.

ఎల్తన్నాం, ఇద్దరవూ = మేమిరువురమును పోవుచున్నాము. ఒకడు మా మేనల్లుడు, తెలిసినదే. రెండోవారు ఎవరు? తెలుగు క్రియ ఇక్కడ పెద్దమనిషిలా మౌనం వహించింది. 'వెళ్తున్నాం' అన్నప్పుడు ఆడా మగా అన్నది బయటపడదు. కోరాపుట్ వాసి అన్నది మాత్రం మా వాడి చొక్కాజేబులో నెలనెలా దొరికే బస్సు టిక్కెట్లవల్ల ఊహ్యం. లాడ్జిలో మాత్రం ఈ మౌనం చెల్లదు. అక్కడి రిజిస్టరులో 'సంబంధం' అని ఒక గడి ఉంటుంది. విచిత్రమేమంటే అబ్బాయీ అమ్మాయీ కలిసి గది అడిగితే గుమస్తా కళ్ళజోడు సవరించుకుంటాడు, ఆధార్ కార్డుల మీద ఇంటిపేర్లు కలిపి చూస్తాడు. ఇద్దరబ్బాయిలు అడిగితే తల కూడా ఎత్తడు, తాళంచెవి తోస్తాడు. అనుమానానికి కూడా కొంత లోకజ్ఞానం కావాలి గదా.

రెండోవారు మూడో లింగంవారైతే? అదీ ఆలోచించే ఉన్నారు. సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న ఆ గుర్తింపు ఇచ్చింది. 2016 నుంచి రైల్వే రిజర్వేషన్ ఫారంలోనూ ఆ గడి ఉంది. ఇక 'ఇద్దరం' అన్న మాటకు చట్టంలో పూర్వవ్యాఖ్య 1860 నాటి శిక్షాస్మృతిలో 377వ సెక్షను. పెద్దలిద్దరి ఇష్టానికి అది వర్తించదని 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తేల్చింది. మా కటక్ హైకోర్టు 2020 ఆగస్టు 24న ఇంకో మెట్టెక్కింది. పుట్టుకతో ఆడపిల్లగా రాసినా తాను మగవాడినని ఎరిగిన ఒకరు, తన సహచరిని ఆమె ఇంటివారు తీసుకుపోయారని కోర్టుకు వెళ్తే, ఇద్దరికీ కలిసి బతికే హక్కు ఉందని తీర్పిచ్చింది. పెళ్ళి మాట మాత్రం 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు పార్లమెంటుకు వదిలేసింది. కనుక ప్రస్తుతం 'ఇద్దరం' అన్నది శుద్ధమైన ప్రయోగం. 'దంపతులం' అన్నది అసాధువు.

ఐదరాబాద్ = హైదరాబాద్ నగరమునకు. ఇది ఈ సందేశంలోకెల్లా లోతైన పదం. శంక: రాయగడ ఒడిశాలోనిది గదా, రాజధాని భువనేశ్వర్ ఉండగా పొరుగు రాష్ట్రాలు దాటి పోవడమేల? అక్కడ మాత్రం 2009లోనే ఇటువంటి స్వాభిమాన యాత్ర జరగలేదా? సమాధానం: 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా ఈ కోరాపుట్ సీమ అంతా మద్రాసు ప్రెసిడెన్సీ కింద, విశాఖపట్నం ఏజెన్సీలో ఉండేది. ఆ నాడు గీత మారింది, నాలుక మారలేదు. 1992 అక్టోబరు 2న కోరాపుట్ నుంచి విడిపోయి రాయగడ జిల్లా అయినప్పుడూ మారలేదు. బడిలో ఒడియా, బేరంలో రెండూ, కోపంలో తెలుగు. మా బతుకు ఇంతే. అంతెందుకు, కోరాపుట్‌లో హీరాఖండ్ ఎక్కి సొంత రాజధానికి పోదామన్నా ఆ బండి కొండ దిగి పార్వతీపురం, విజయనగరం, శ్రీకాకుళం రోడ్డు చూపించి గాని మళ్ళీ ఒడిశాలో అడుగుపెట్టనివ్వదు.

ఈ సమాధానం చరిత్రకారులకు చాలు. రాయగడవారికి చాలదు. భువనేశ్వర్‌లో ప్రతి హాస్టల్లోనూ మా వీధివాడొకడు ఉంటాడు, వాడి చేతిలో ఫోనుంటుంది, ఆ ఫోను తీసిన బొమ్మ మా అక్క చేతికి చేరడానికి ఎక్స్‌ప్రెస్ రైలు కూడా అక్కర్లేదు. విశాఖ అయితే చెప్పనే అక్కర్లేదు, సగం చుట్టరికం అక్కడే. పునశ్శంక: మరి ఉత్తరాంధ్ర అంతా వెళ్ళి కూకట్‌పల్లిలో కాపురం పెట్టింది గదా, అక్కడ చూడరా? సమాధానం: చూడరు. హైదరాబాద్ చుట్టాలు ఆదివారం ఇల్లు కదలరు. కదిలినా బిర్యానీకి.

ఆదోరం నడక ఉంది = ఆదివారమున యాత్ర గలదు. షుగరువాళ్ళ నడక కాదు, మోర్చా కాదు, జాతర కాదు. మూడింటి లక్షణాలూ ఉన్నాయి. 2013 ఫిబ్రవరి 3న హైదరాబాద్‌లో మొదలైంది, క్వియర్ స్వాభిమాన యాత్ర అని పేరు. దీనికి మూలపురాణం న్యూయార్క్‌లో. స్టోన్‌వాల్ అనే సారాయికొట్టుమీద పోలీసులు పడితే 1969 జూన్ 28న జనం తిరగబడ్డారు. మరుసటి ఏడు అదే తేదీన ఊరేగారు. అందుకే ప్రపంచమంతా జూన్ నెల పట్టుకుంది. మనకు జూన్ కుదరదు. ఒడిశాలో అది రజో పండగ నెల, దాని వెనకే రథయాత్ర. కోరాపుట్ కొండలమీద గొడుగు తెరిచినవాడు దసరాదాకా మూయడు. ఢిల్లీవారు నవంబరు అన్నారు, ముంబైవారు చలికాలం అన్నారు, హైదరాబాద్‌వారు ఫిబ్రవరిలో మొదలెట్టారు. ముహూర్తం మార్చుకున్నా శాస్త్రం చెడలేదు.

మన దేశంలో తొలి నడక 1999 జూలై 2న కలకత్తాలో. నడిచినవారు 15 మంది. అందులో పరాయి ఊళ్ళనుంచి రైలెక్కి వచ్చినవారూ ఉన్నారు. అంటే ఊరు విడిచి నడవడం అన్నది ఈ శాస్త్రంలో ఆదినుంచీ ఉన్న ఆచారమే, మావాడి కొత్త పుంత కాదు. 2008లో ఢిల్లీలో చాలామంది రంగురంగుల ముసుగులు తగిలించుకుని నడిచారు. మావాడు ముసుగు మాట ఎత్తలేదు. ఎత్తకపోవడం ధైర్యమా, మరుపా? ధైర్యమనే నా పక్షం. మరిచిపోయేవాడైతే అయిదు పంక్తుల్లో అన్ని ఏర్పాట్లు ఇమడ్చలేడు.

అమ్మకి పరీక్ష అని సెప్పీసేను = తల్లికి ఉద్యోగపరీక్ష యని నివేదించితిని. అలంకారం: వ్యాజోక్తి. బయటపడబోయే దాన్ని వేరే నెపంతో కప్పడం దీని లక్షణం. నెపాల్లో తరతమాలు ఉంటాయి. పెళ్ళి అంటే ఎవరిది, ఏ ముహూర్తం, మనల్ని ఎందుకు పిలవలేదు అని మూడు ప్రశ్నలు. ఇంటర్వ్యూ అంటే ఆదివారం పూట ఏ కంపెనీ పిలుస్తుందని ఒకటే ప్రశ్న, కాని దానికి జవాబు లేదు. పరీక్ష అంటే ప్రశ్నలే లేవు. ఆదివారమే జరుగుతుంది, సెంటరు ఎంత దూరాన వేసినా తల్లిదండ్రులు ప్రభుత్వాన్నే తిడతారు, ఫలితం రెండేళ్ళదాకా రాకపోయినా ఆశ్చర్యపోరు. పైగా రాయగడ రైల్వే డివిజను కార్యాలయానికి 2025 జనవరి 6న శంకుస్థాపన జరిగిందగ్గరనుంచి మా ఊళ్ళో పిల్లవాడున్న ప్రతి ఇంట్లోనూ పరీక్ష మాట దేవుడి మాట. దోషం ఒక్కటే. అక్క పులిహోర కట్టి, పెన్నులు నాలుగు కొని, హాల్ టికెట్టు చూపించమంటుంది. దానికి మావాడి దగ్గర పాఠం లేదు.

నువ్వు నోరు జారితే మజ్జిగౌరమ్మ మీదొట్టు = స్పష్టము. రాయగడలో ఈ ఒట్టు తీసి గట్టున పెట్టగలిగినవాణ్ణి ఇంతవరకు చూడలేదు.

నీ కొట్లో ఏడు రంగుల గుడ్డ ఉంటాదా = నీ అంగడిలో ఇంద్రధనుస్సు వర్ణముల వస్త్రము లభించునా? ఇక్కడ పాఠాంతరాలు ఉన్నాయి, అవి ముఖ్యం. 1978 జూన్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలో గిల్బర్ట్ బేకర్ తొలి జెండా తయారుచేసినప్పుడు రంగులు ఎనిమిది. ఆ ఏడే గిరాకీ పెరిగి, మరిన్ని కుట్టబోతే ముదురు గులాబీ గుడ్డ దొరక్క ఆ పట్టీ ఎగిరిపోయింది, మిగిలినవి ఏడు. 1979లో వీధికి రెండు వైపులా స్తంభాలకు సమానంగా పంచి కట్టడం కోసం ఇంకొకటి తీసేశారు; ఆరు. ఇప్పుడు లోకమంతా చలామణీలో ఉన్నది ఈ ఆరు రంగుల ప్రతి. కాబట్టి 'ఏడు' అన్నది లేఖకదోషమని తేలిగ్గా కొట్టెయ్యడానికి లేదు. మావాడు మధ్యకాలపు ప్రతిని అనుసరించాడు.

బట్టల వ్యాపారిగా ఒక్క మాట. గులాబీ రంగు దొరక్క జెండా చిన్నదైందంటే, శాన్‌ఫ్రాన్సిస్కోలో మ్యాచింగ్ సెంటరు లేకపోవడమే కారణం. మా కొట్లో ఎడమవైపు గోడంతా జాకెట్టు గుడ్డలే. టూ బై టూ రూబియాలో ఎరుపే పధ్నాలుగు ఛాయలు. పెళ్ళికూతురి తల్లి చీర చెంగు పట్టుకొచ్చి వీధిలో ఎండకు పెట్టి సరిచూసుకునేదాకా ఒప్పుకోదు. ఎరుపు, నారింజ, పసుపు, ఆకుపచ్చ, నీలం, ఊదా ఒక్కొక్కటీ చించాను. గులాబీ కూడా చేతికి వచ్చింది, మళ్ళీ తానులో చుట్టేశాను. చలామణీ ప్రతిలో ఆరే గదా.

అరుగు మీద మిషను పెట్టుకున్న దర్జీ ముక్కలు వరసగా పరిచి చూశాడు.

"ఏ పార్టీ బాబూ?"

"పార్టీ లేదు."

"పార్టీ లేకుండా జెండా ఏంటండీ? కర్రకి గొట్టం కుట్టాలా?"

"వద్దు. భుజాలమీద కప్పుకోవడానికి."

"ఓస్, చున్నీ అనండి మరి," అని, అతుకులన్నీ లోపలికి మడిచి, చుట్టూ పీకో కొట్టి ఇచ్చాడు. పీకోకు వేరే తీసుకున్నాడు. ఇది గొప్ప వ్యాఖ్య. జెండా అయితే సంచిలో దొరికినప్పుడు సంజాయిషీ చెప్పాలి. చున్నీ అయితే, మామ కొట్లోది, ఎవరికో ఇమ్మన్నాడు, అంతే.

తాత్పర్యము

ఓ మామా! నేనును నాకు ప్రియమైన కోరాపుట్ వారును శనివారం రాత్రి రైలున హైదరాబాద్ పోయి ఆదివారం యాత్రలో నడిచి సోమవారం తిరిగిరాగలము, తల్లికి పరీక్ష యని చెప్పితిని, నీవు మాటాడకుము, గుడ్డ యిమ్ము అని భావము.

విశేషము: అయిదు పంక్తుల్లో నడకకు దక్కినవి మూడు మాటలు. మిగతాదంతా ఎవరికి తెలియాలి, ఎవరికి తెలియకూడదు, ఏ దారిన దిగాలి, సంచిలో ఏమి కనబడాలి అన్న లెక్క. నగరంలో ఉన్నవారికి ఆ వారాంతం వేడుక. ఇంట్లోంచి చెప్పులేసుకుని వచ్చి, మెట్రో ఎక్కి, సాయంత్రం ఇరానీ చాయి తాగి వెళ్ళిపోతారు. కొండమీదినుంచి దిగేవారికి అది నెల్లాళ్ళ కుట్ర, ఒక మేనమామ, ఒక దర్జీ. ఈ తేడా నడిచేటప్పుడు పైకి తెలియదు. పక్కన నడిచేవారికి తెలిస్తే బాగుండును.

దోషవిచారము: మూలంలో ఒకే ఒక్క లోపం, టికెట్టు మాట లేదు. అడిగితే ఇద్దరిదీ వెయిటింగ్ లిస్టు అన్నాడు. 2024 నవంబరు 1 నుంచి రైల్వేవారు ముందస్తు రిజర్వేషను 120 రోజులనుంచి 60కి కుదించారు. విశాఖ–హైదరాబాద్ శనివారం రాత్రి బెర్తులు తెరిచిన రోజే అయిపోతాయి. యాత్ర తేదీ అంతకు తరవాత తెలిస్తే కోరాపుట్, రాయగడ, పార్వతీపురం వాళ్ళు ఏం చెయ్యాలి? జనరల్ పెట్టెలో నిలబడి వెళ్ళాలి. కనుక ఏ నగరంలోనైనా ఈ యాత్రలు జరిపే పెద్దలకు ఈ టీకాకర్త మనవి: అనుమతులు తరవాత తెచ్చుకోండి, తేదీ మాత్రం మూడు నెలల ముందే చెప్పండి. గుడ్డ సంగతి మేం చూసుకుంటాం.