శనివారం పైలట్

డాలస్ చుట్టుపక్కల మనవాళ్లున్న కాలనీల్లో శనివారం పైలట్ ఒకడు తప్పకుండా తగులుతాడు. శుక్రవారం దాకా ఏదో బ్యాంకు డేటాబేసుకి కాపలా. శనివారం తెల్లారగానే నల్ల కళ్లద్దాలు, నాలుగు జేబుల చొక్కా వేసుకుని అడిసన్‌కో, మెకిన్నీకో బయల్దేరతాడు. ముగ్గురితో కలిసి వాటా పెట్టి కొన్న పాత సెస్నా 172 అక్కడి హ్యాంగర్‌లో ఉంటుంది. పక్క సీట్లో ఇండియా నుంచి దిగిన బావమరిది ఉండాల్సిందే. చూసేవాళ్లు లేకుండా ఎగరడం ఆయన దృష్టిలో ఇంధనం దండగ.

గాల్లో ఆయనకి వంక పెట్టలేం. దూరాన మబ్బు కమ్మితే చాలు, బుద్ధిగా వెనక్కి తిరుగుతాడు. తంటా అంతా నేల మీదే. ఎగరనంత సేపూ అది కారేనని ఆయన గట్టి నమ్మకం. కబుర్లలో పడ్డాడా, మలుపు రాగానే చేతులు చక్రాన్ని తిప్పేస్తాయి. దాన్ని తిప్పితే రెక్కల చివర పలకలు లేచి పడతాయే గానీ బండి తిరగదు. తిప్పాల్సింది కాళ్ల కింద పెడళ్లతో. ఈలోగా విమానం పక్కవాడి హ్యాంగర్ తలుపు కేసి తిన్నగా పోతూ ఉంటుంది.

పెద్ద ఎయిర్‌లైన్ల పైలట్లు టాక్సీ చేసేటప్పుడు, అంటే విమానాన్ని నేల మీద నడిపేటప్పుడు, ఊసుపోక కబుర్లు చెప్పుకోకూడదని అమెరికాలో 1981 నుంచి నిబంధన ఉంది. సొంత సెస్నావాళ్లకి అది వర్తించదు. వర్తించని రూల్సన్నీ ఆయనకి కంఠతా వచ్చు.

రెక్కల సంగతి మరీ ఘోరం. ఈ చివర నుంచి ఆ చివరికి 36 అడుగులు. “పసుపు గీత మీదే ఉన్నాను, నాకేం?” అంటాడు. గీత గీసిన రోజున అక్కడ పికప్ ట్రక్కు లేదు, ఎవరో వదిలేసిన నిచ్చెనా లేదు. పోనీ టవర్ చెబుతుందా అంటే, వాళ్ల పెత్తనం రన్‌వే, టాక్సీవేల వరకే. హ్యాంగర్ల ముంగిట ఎవరి రెక్క వాళ్లే కాచుకోవాలి. అక్కడ మనిషి నడిచే వేగం మించకూడదు. మనవాడు శనివారాలు చాలా వేగంగా నడుస్తాడు.

ఇంతవరకూ ఏమీ విరగలేదంటే అది వెనక సీట్లో ఉన్న ఇల్లాలి చలవ.

“ఏవండీ, రెక్క!”

“చూస్తున్నానే.”

“చూసింది చాలు. ముందు ఇంజిన్ ఆపండి.”

ఆపి, దిగి, ముక్కు చక్రానికి టో బార్ తగిలించి చేత్తో లాగితే ఇద్దరికి అయిదు నిమిషాల పని. కానీ “ఏం బావా, బండి మొరాయించిందా?” అని బావమరిది అడుగుతాడే, అదీ బాధ!

ఆ టో బార్‌ని తీయడం మరిచి ఇంజిన్ స్టార్ట్ చేస్తే ప్రొపెల్లర్ దానికి కొట్టుకుంటుంది. ఆ తర్వాత ఇంజిన్ మొత్తం విప్పి చూడాలి. బిల్లు వేల డాలర్లలో. అందుకే ఆవిడ టో బార్‌ని ఊడదీసి, ఆయన కళ్లముందు ఆడించి, సామాన్ల అరలో పడేసి మరీ ఎక్కుతుంది. మొత్తం వ్యవహారంలో అసలైన పైలట్ ఆవిడేనని నా అభిప్రాయం.

తోక ఎటుందో చూడకుండా ఇంజిన్ రేజ్ చేసి, వెనక హ్యాంగర్‌లో విమానం తుడుచుకుంటున్న పెద్దాయన కాగితాలన్నీ ఎగరగొట్టిన ఘనత కూడా మనవాడికి ఉంది. ఇక నుదుటి మీద మచ్చ. సెస్నా రెక్క వెనక అంచు సరిగ్గా మనిషి తల ఎత్తులో ఉంటుంది. ఆ కొస తగిలి పడే గుర్తుని అక్కడి పైలట్లు ‘సెస్నా డైమండ్’ అంటారు. మనవాడు ఆఫీసులో దాన్ని ‘టర్బులెన్స్’ అని చెప్పుకుంటాడు.

మిమ్మల్ని ఎక్కిస్తానంటే నిక్షేపంగా వెళ్లండి. కాకపోతే హ్యాంగర్ల మధ్య ఉన్నంతసేపూ ఆయన్ని మాటల్లో పెట్టకండి, సెల్ఫీ అడక్కండి. మీ వైపు రెక్క చివరని మీరే చూస్తూ కూర్చోండి. తగిలేలా ఉంటే మొహమాటం లేకుండా అరవండి. ప్రొపెల్లర్ పూర్తిగా ఆగేదాకా తలుపు మీద చెయ్యి వెయ్యకండి.