తిరునల్వేలి పెట్టె

నేను పనసచెక్క పెట్టెను. నాలుగు మూలలా ఇత్తడి రేకులు, ముందు ఒక గొళ్లెం. పుట్టింది తిరునల్వేలి జిల్లాలో, ముసలిదాన్నయింది డోర్నకల్‌లో. ఇంట్లో ఐదో తరం నడుస్తోంది. వాళ్లంతా తెలుగువాళ్లు. తమిళం మిగిలింది నాలోనే.

1903లో పాళయంకోటలో కొందరు తమిళ క్రైస్తవులు కలిసి ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టుకున్నారు. దొరల డబ్బు, దొరల పెత్తనం వద్దు. మన చందాలతో, మన మనుషులతోనే పని జరగాలని వాళ్ల పట్టుదల. ఆ పనికి ఎంచుకున్న చోటు నిజాం రాజ్యంలోని మానుకోట, డోర్నకల్ చుట్టుపక్కల పల్లెలు. సొసైటీ పెట్టినవాళ్లలో ముఖ్యులు వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు. 1909లో గురువుగా అభిషేకం పొంది, ఆయనే ఇక్కడికి తరలివచ్చారు. ఆ వెనకాల వచ్చిన చిన్నా చితకా కుటుంబాల్లో మాదొకటి. మా అయ్య వట్టి బడిపంతులు.

బెజవాడ దాటాక నిజాం వారి రైలు. సరిహద్దులో కరోడ్గిరి, అంటే సుంకాల శాఖ, జవాను నా మూత తెరిపించాడు. తమిళ బైబిలు, రెండు ఇత్తడి చెంబులు, చీరలు, తాటాకు బుట్టలో కరుప్పట్టి, అంటే తాటిబెల్లం. కొబ్బరిచిప్పలో పోసి ఆరబెట్టిన నల్లటి ఆ అచ్చును చూసి నల్లమందనుకున్నాడో ఏమో, గోటితో గీకి నాలుక మీద వేసుకున్నాడు. సుంకం సంగతి మరిచిపోయి ఇంకో ముక్క అడిగాడు.

డోర్నకల్ దగ్గరపడుతుంటే కిటికీలోంచి తాటిచెట్లు కనిపించాయి. అమ్మగారి ప్రాణం లేచొచ్చింది. కానీ చెట్టు ఒకటే, దాంతో బతుకే వేరు. మా వైపు కుండ లోపల సున్నం పూసి కడతారు. సున్నం ఉంటే నీరు పులవదు, తియ్యగా దిగుతుంది. దాన్ని పెద్ద బానలో గంటల కొద్దీ మరగబెడితే బెల్లం. ఇక్కడ గౌడన్నలు సున్నం జోలికే పోరు. పొద్దున దించితే కల్లు, సాయంత్రం దించితే ఇంకా మంచి కల్లు. మా అయ్య ఒక గౌడన్నను బతిమాలి సున్నం కుండలు కట్టించాడు. తాగి చూసిన ఊరి పెద్ద మొహం చిట్లించి, "గిదేంది పంతులూ, పసిపోరలు తాగేదా?" అన్నాడు. బెల్లం వండటం మూడేళ్లకే మూలపడింది. మా పిల్లలు బెల్లమంటే చెరుకు బెల్లమే అనుకుంటూ పెరిగారు.

అజరయ్యగారు 1910లో ఎడిన్‌బరో మహాసభలో తెల్ల మిషనరీల మొహం మీదే అడిగారు: మీ త్యాగాలు సరే, మాతో స్నేహమేదీ అని. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి దక్కిన మొదటి భారతీయుడు. ఇంట్లో పండగ చేసుకున్నారు. నాకు మాత్రం ఒక సందేహం పట్టుకుంది. ఆయన దొరల దగ్గర అడిగిన స్నేహం, మా వాళ్లు ఇక్కడి మాల, మాదిగ గూడేల్లో చూపించారా? కొందరు చూపించారు, అక్కడే తిన్నారు, అక్కడే పడుకున్నారు. కొందరు పగలు తెలుగులో ప్రార్థన చేసి, రాత్రి దీపం పెట్టాక ఆ గూడేల గురించి తమిళంలో ఏమన్నారో నేను విన్నాను. పెట్టెకు చెవులుండవనుకున్నారు పాపం.

1939 జనవరి 6న డోర్నకల్‌లో ఎపిఫనీ కథీడ్రల్ ప్రతిష్ఠ జరిగింది. గుమ్మటాలు మసీదును తలపిస్తాయి, స్తంభాలు గుడి మండపాన్ని. తిరునల్వేలి చర్చిలకుండే నిటారు శిఖరం ఒక్కటీ ఇక్కడ లేదు. మా అయ్య మొదట గొణిగాడు. తర్వాత చుట్టాలొస్తే ముందు అక్కడికే తీసుకెళ్లేవాడు. అజరయ్యగారు 1945 జనవరి 1న పోయారు; ఆ ఆవరణలోనే సమాధి చేశారు.

ఐదో తరం పిల్ల ఇప్పుడు అమెరికాలో మినియాపోలిస్‌లో ఉద్యోగం చేస్తోంది. పక్క రాష్ట్రం అయోవాలో, డెకోరా ఊళ్లోని వెస్టర్‌హైమ్ మ్యూజియానికి వెళ్లిందట. నార్వేనుంచి వలసొచ్చినవాళ్ల పెట్టెలు అక్కడ వరసగా పేర్చి ఉన్నాయని ఫోన్‌లో చూపించింది. ఒళ్లంతా రంగుల పూలు, మీద యజమాని పేరు, సంవత్సరం. 1825లో 52 మందితో మొదలైన ఆ వలస తర్వాత లక్షల్లోకి పోయింది. 1862 నాటి అమెరికా భూచట్టం కింద ఐదేళ్లు సాగుచేసుకుంటే 160 ఎకరాలు రాసిచ్చేవారట. ఆ నేల అంతకుముందు ఎవరిదని ఆ పెట్టెల్ని అడగాలని ఉంది నాకు. అక్కడ ముందునుంచీ బతికిన డకోటా తెగవాళ్ల ఊసు వాటి మీద రాసి ఉండదు.

"మన పెట్టె మీద ఏమైనా రాసుందా అమ్మా?" అని ఆ పిల్ల అడిగింది. నాలోని పాత దుప్పట్లు తీసి చూస్తే మూత లోపల సిరా గీతలు. చదవగలిగినవాళ్లు ఇంట్లో లేరు. ఫొటో తీసి పాళయంకోటలోని దూరపు బంధువుకు పంపారు. బైబిలు వాక్యమై ఉంటుందని పిల్ల ఆశపడింది. జవాబొచ్చింది: సున్నం రెండణాలు, కుండలు నాలుగు, గౌడుకు బాకీ అర్ధరూపాయి.

ఆ బాకీ తీరింది, నేను సాక్షిని. మా అయ్య ఇంగ్లీషు నాణెం ఇవ్వబోతే గౌడన్న తీసుకోలేదు. నిజాం వారి నాణెం, హాలీ సిక్కా, మార్చుకొచ్చి ఇవ్వాల్సి వచ్చింది.